మైసూరు వాసుదేవాచార్యులవారు – కన్నడ ఇంట పుట్టిన తెలుగు కీర్తన

మైసూరు వాసుదేవాచార్యులవారి పేరు మన సంఘములలో చాలమందికి తెలియకపోవచ్చును గాని, ఆయన పాట చెవిని పడని తెలుగువారు అరుదు. 1980లో విడుదలైన శంకరాభరణము చిత్రములో వినబడిన బ్రోచేవారెవరురా అను ఖమాసు రాగ కీర్తన ఆయన రచించినదే. దానిని త్యాగరాజుగారి కీర్తన అనుకొనేవారిని మేము అనేకులను చూచియున్నాము. అట్లు అనుకొనుటలో వింత లేదు. మాట తేట తెలుగు, నడక త్యాగరాజుగారి నడక. అయితే దానిని వ్రాసినవారు తెలుగువారు కారు. మైసూరు నగరములో కన్నడము మాటలాడే కుటుంబములో పుట్టి, ఎనభై యేండ్లు దాటేవరకు ఆ ఊరినే తన ఊరుగా ఉంచుకొని, తన జ్ఞాపకములను కన్నడములోనే గ్రంథముగా వ్రాయించిన పెద్దమనిషి. పాట దగ్గరకు వచ్చేసరికి మాత్రము ఆయన నోట సంస్కృతమైనా వచ్చేది, లేక తెలుగైనా వచ్చేది.

ఈయనను గురించి వ్రాయుటకు మాకొక కారణమున్నది. మేము తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని క్యాతగానచెర్లు వైపు మనుషులము. పటము తీసి చూస్తే పావగడ తాలూకాకు మూడు ప్రక్కల ఆంధ్రదేశమే కనబడుతుంది. ఒక ప్రక్కన మాత్రమే అది కన్నడ దేశమును అంటుకొని యున్నది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడము. కచేరీ కాగితము కన్నడము, పెండ్లిపాట తెలుగు. 1947కు ముందు ఈ గ్రామములన్నీ మైసూరు మహారాజావారి ఏలుబడిలోనివి. ఆ మహారాజుల కొలువులోనే వాసుదేవాచార్యులవారు జీవితమంతా పాడారు. ఇక్కడ మన తెలుగు పిల్లలు బడిలో కన్నడము దిద్దుకొంటుండగా, అక్కడ రాజధానిలో ఒక కన్నడ పండితుడు తెలుగులో కీర్తనలు కట్టుచుండిరి. ఇప్పుడు పరాయి ఊళ్లలో స్థిరపడి, పిల్లలకు తెలుగు నిలుస్తుందా లేదా అని ఆలోచించుకొనే మన కుటుంబములకు ఈ జీవితము తెలిసియుండుట మంచిదని తోచినది.

ఆయన 1865వ సంవత్సరము మే 28న మైసూరులో జన్మించారు. మాధ్వ బ్రాహ్మణ కుటుంబము. తండ్రి సుబ్రహ్మణ్యాచార్యులు. పిల్లవాడు ఊహ తెలియని వయసులో ఉండగానే తండ్రి మరణించారు. మాతామహులు గోపాలాచార్యులవారు పెంచి పెద్దచేశారు. తండ్రిలేని పిల్లవాడు చదువులో పడితే బ్రతుకుతాడని పెద్దలు అనుకొనేది సహజమే గదా. మహారాజావారి సంస్కృత పాఠశాలలో చేర్చారు. కావ్యములు, నాటకములు, వ్యాకరణము, అలంకారము, తర్కము అన్నీ అక్కడ చదువుకొన్నారు. ఈ చదువు వృథా కాలేదు. తరువాతి కాలములో ఆయన సంస్కృత కీర్తనలలో మాట ఎక్కడా తడబడదు; తెలుగు కీర్తనలలో కూడ సమాసము ఎక్కడ కట్టాలో, ఎక్కడ చిన్నమాటతో ఆపాలో తెలిసినవాని చెయ్యి కనబడుతుంది.

సంగీతము మీద మనస్సు చిన్ననాటనే పోయినది. మైసూరు అంటే అప్పటికే వీణకు పేరుపడిన ఊరు. వీణ పద్మనాభయ్యగారు అను ఆస్థాన విద్వాంసుల దగ్గర మొదటి పాఠములు, గాత్రమూ వీణా కూడ, నేర్చుకొన్నారు. ప్రొద్దున సంస్కృత వ్యాకరణము, మిగిలిన వేళ సరళీస్వరములు. రెండు చదువులూ కంఠస్థము చేసేవే గనుక ఒకటి మరొకదానికి అడ్డురాలేదని మేము అనుకొంటాము. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారముగా మాకు ఇది గమనింపదగినదిగా తోచును: జ్ఞాపకశక్తిని చిన్నతనములో సాధన చేయించిన బడి ఏదైనను, దాని ఫలము వేరొక పొలములో పండవచ్చును.

1881లో ఇంగ్లీషువారు మైసూరు పరిపాలనను తిరిగి రాజకుటుంబమునకు అప్పగించారు. అప్పుడు సింహాసనమెక్కిన పదవ చామరాజేంద్ర ఒడెయరువారు విద్వాంసులను ఆదరించిన ప్రభువు. ఈ కుర్రవానిలో పస చూచి, తన ఖర్చుమీద తంజావూరు సీమలోని తిరువయ్యారుకు పంపించారు. అక్కడ పట్నం సుబ్రహ్మణ్య అయ్యరువారు అను గొప్ప గాయకులు, వాగ్గేయకారులు ఉండిరి. కావేరీ తీరమున త్యాగరాజుగారు జీవించి, 1847 జనవరిలో కన్నుమూసిన ఊరు అదే. సుబ్రహ్మణ్య అయ్యరువారి గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్యగారు, త్యాగరాజుగారికి చుట్టము, స్వయముగా శిష్యుడు. అనగా మైసూరు కుర్రవాడు వెళ్లి కూర్చున్నది త్యాగరాజుగారి నుండి లెక్కపెడితే మూడవ మెట్టు మీద. ఆ వరుసలో నాలుగవవాడు తానే.

గురుకులవాసము ఎట్లుండేదో ఈ కాలపు పిల్లలకు చెప్పాలంటే కొంచెము కష్టమే. ఫీజు లేదు, సిలబస్ లేదు, పరీక్ష లేదు. గురువుగారి ఇంట్లో ఉండుట, ఇంటిపని చేయుట, వారు పాడినప్పుడు వినుట. వారికి బుద్ధి పుట్టినప్పుడు పాఠము. పాఠము కాగితము మీద ఉండదు; గురువు ఒక పంక్తి పాడితే శిష్యుడు అట్లే తిరిగి పాడవలెను, తప్పితే మళ్లీ మొదటికి. కచేరీలో గురువు వెనుక కూర్చుండి తంబురా మీటుచు కంఠము కలుపవలెను. ఒక రాగము ఎన్ని పోకడలు పోతుందో శిష్యునికి అక్కడ తెలిసేది. ఈ పద్ధతిలో లోపములు లేకపోలేదు. గురువుగారికి తీరిక లేనిదే శిష్యునికి విద్య లేదు, ఏండ్లు గడిచిపోయేవి. కాని ఒక లాభము ఉన్నది, అదే మన కథకు ముఖ్యము. శిష్యుడు పాటను నేర్చుకొంటూ పాట యొక్క భాషను కూడ నేర్చుకొనేవాడు. వాచకముతో కాదు, నాలుకతో.

ఆ ఇంట పాడబడే భాష తెలుగు. గురువుగారు తమిళ దేశపువారు. ఇంట్లో మాట తమిళము. అయినను ఆయన వ్రాసిన కీర్తనలు, వర్ణములు ఎక్కువగా తెలుగులోనివే, వేంకటేశ అను ముద్రతో. శిష్యులలో రామనాథపురము శ్రీనివాస అయ్యంగారువారు, టైగర్ వరదాచార్యులవారు తమిళ దేశమువారు, వాసుదేవాచార్యులవారు కన్నడిగులు. ఒక్కరి ఇంటి భాషా తెలుగు కాదు. అయినను ప్రొద్దుననుండి రాత్రివరకు ఆ గోడల మధ్య మ్రోగినది తెలుగే. మన పాఠకులలో కొందరికి ఇది నమ్మశక్యము కాకపోవచ్చును.

దీనికి చరిత్ర ఉన్నది. విజయనగరము కాలము నుండి తెలుగు నాయకులు దక్షిణమునకు వెళ్లి తంజావూరు, మధుర సీమలను ఏలారు. తంజావూరు నాయకుల తరువాత వచ్చిన మరాఠా రాజులు కూడ తెలుగు కవిత్వమును, తెలుగు యక్షగానమును పోషించారు. క్షేత్రయ్య పదములు, తరువాత త్యాగరాజుగారి వందలాది కీర్తనలు ఆ నేలమీదనే స్థిరపడినవి. అదిగాక తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగియును. పాటకునికి మాట చివర గొంతు మూసుకొనిపోదు, స్వరమును ఎంతదూరమైనా లాగవచ్చును. పొగడ్త కొరకు చెప్పుట కాదు. పాడి చూచినవారికి తెలియును. అయితే భాషలోని తీపి ఒక్కటే చాలేది కాదు. పోషించిన రాజులు, వ్రాసిన కవులు, ఇంట్లో ఉంచుకొని నేర్పిన గురువులు ఉండుటచేతనే అది నిలిచినది.

ఆరేండ్ల దాక గురుకులవాసము చేసి వాసుదేవాచార్యులవారు మైసూరుకు తిరిగివచ్చి ఆస్థాన విద్వాంసులైనారు. పంపించిన ప్రభువు 1894 డిసెంబరులో కలకత్తాలో మరణించారు. ఆయన కుమారుడు నాలుగవ కృష్ణరాజ ఒడెయరువారు బాలుడు గనుక తల్లి మహారాణివారు 1902 వరకు రాజ్యము నడిపించారు. ఆ మధ్యలో, 1897లో, పాత కొయ్య రాజభవనము కాలిపోయినది. ఇప్పుడు యాత్రికులు చూచే భవనము 1912 నాటికి పూర్తియైనది. కృష్ణరాజవారు 1940 వరకు ఏలారు. ఆ కాలములో మైసూరు కొలువు విద్వాంసులతో నిండియుండెను. వీణ శేషణ్ణగారు, వీణ సుబ్బణ్ణగారు, బిడారం కృష్ణప్పగారు, తరువాత తమిళ దేశమునుండి వచ్చిన హరికేశనల్లూరు ముత్తయ్య భాగవతులవారు. ఉత్తరాదినుండి అబ్దుల్ కరీంఖాన్ గారివంటి హిందుస్తానీ గాయకులు వచ్చిపోయేవారు. ఇటువంటి చోట ఒకరి పాట మరొకరు వినక తప్పదు, తన పాట ఎంతలో ఉన్నదో తెలియకనూ తప్పదు.

వీరిలో బిడారం కృష్ణప్పగారి సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. ఆయన దాసుల కన్నడ పదములను కచేరీ వేదికపై నిలబెట్టినవారు. వాయులీన విద్వాంసులు చౌడయ్యగారు ఆయన శిష్యులు. ఒకే కొలువులో, ఒకే కాలములో, కృష్ణప్పగారు కన్నడ పదములను కచేరీకి తెచ్చారు, వాసుదేవాచార్యులవారు తెలుగు కీర్తనలు కట్టారు. కన్నడ దేశములో కన్నడిగుడు తెలుగులో ఎందుకు వ్రాయవలెనను ప్రశ్న న్యాయమైన ప్రశ్నే. మా అభిప్రాయములో దానికి జవాబు ఆయన పాండిత్యములో లేదు, ఆయన చెవిలో ఉన్నది. పద్దెనిమిది, ఇరవై యేండ్ల వయసులో కావేరీ ఒడ్డున విన్నది తెలుగు కీర్తన. ఆయనకు కీర్తన అంటే ఆ రూపమే. కన్నడము మీద ప్రేమ లేదనుటకు వీలులేదు, ఆయన వచనమంతా కన్నడమే.

ఆయన రచనలు రెండు వందల దాక ఉన్నవి. కీర్తనలే కాక వర్ణములు, జావళీలు, తిల్లానాలు, రాగమాలికలు కూడ కట్టారు. వాసుదేవ అను తన పేరునే ముద్రగా ఉంచారు. అది కృష్ణుని పేరు కూడ గనుక, వినేవానికి అది కవి సంతకమో, దేవుని పిలుపో తెలియకుండ పాటలో కలిసిపోతుంది. ఖమాసు కీర్తన సంగతి మొదటనే చెప్పినాము. మోహనములో రారా రాజీవలోచన, సింహేంద్రమధ్యమములో నిన్నే నమ్మితినయ్యా, శహానాలో మరవకవే ఓ మనసా అను కీర్తనలు తెలుగులోనివి. హిందోళములో మామవతు శ్రీ సరస్వతి, ఆభేరిలో భజరే రే మానస, కాంభోజిలో లంబోదరమవలంబే సంస్కృతములోనివి. ఇవన్నీ నేటికిని కచేరీలలో పాడబడుచున్నవి. వీటిని వాసుదేవ కీర్తన మంజరి అను పేర స్వరములతో అచ్చువేయించారు.

ఆయన దైవములు రాముడు, కృష్ణుడు, చాముండేశ్వరి. మన విశ్వాసము వేరు, ఇందులో దాపరికము లేదు. అయినను పాట యొక్క కట్టుబాటు మనకు క్రొత్తది కాదు. మన చేతిలోని ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకము తెరిచి చూడండి. ప్రతి కీర్తన పైన రాగము పేరు, తాళము పేరు అచ్చువేసి యుండును. పల్లవి, అనుపల్లవి, చరణములు. కాంభోజి, మోహనము, శంకరాభరణము, ఆనందభైరవి అక్కడ కూడ ఉన్నవి. పర్లాకిమిడి ప్రాంతములో, ఒరియా తెలుగు కలిసిన సరిహద్దు సీమలో పుట్టిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) తన కీర్తనలను ఈ అచ్చులోనే పోశారు. ఆరాధనలో హార్మోనియము వాయించేవారు చాలమంది రాగము పేరు చదువక దాటిపోవుదురు. ఒక ఆదివారము ఆ పేరు చూచి, అదే రాగములోని వాసుదేవాచార్యులవారి పాట విని, మళ్లీ మన కీర్తన పాడినచో రెండూ ఒక ఇంటి పిల్లలని తెలిసిపోవును.

ఖమాసు కీర్తనను గురించి రెండు మాటలు. ఖమాసు హరికాంభోజి నుండి పుట్టిన రాగము. జావళీలు దీనిలో ఎక్కువగా ఉండుటచేత దీనిని తేలిక రాగమని కొందరు అనేవారు. ఆచార్యులవారు ఆ తేలికదనమును అట్లే ఉంచి, దానిలో వేడుకోలును నింపారు. నీవు తప్ప కాపాడేవారు ఎవరున్నారని అడిగే పాట అది. బరువైన రాగములో ఈ మాట వ్రాస్తే ఏడుపు అయ్యేది. ఖమాసులో అది చనువుతో అడిగినట్లున్నది, బిడ్డ తండ్రి పంచె పట్టుకొని లాగినట్లు. ఆదితాళము, చివర చిట్టస్వరము. అందరికీ అందే పాట గనుకనే సినిమా వరకు వచ్చినది. కొందరు విద్వాంసులకు ఇంతగా అందరికీ నచ్చిన పాటపై చిన్నచూపు ఉండును. మేము ఆ గుంపులోనివారము కాము.

మైసూరు కొలువులో పాశ్చాత్య సంగీతమునకు కూడ పీట వేయబడినది. ఇంగ్లీషు బ్యాండు ఉండేది, జర్మనీ దేశస్థుడు ఆటో ష్మిట్ అనే ఆయన రాజావారి పాశ్చాత్య వాద్యబృందమును నడిపించారు. నిజమునకు ఇంగ్లీషు బాణీ మన విద్వాంసులకు అంతకు ముందే తగిలినది. వాసుదేవాచార్యులవారి గురువుగారు కథనకుతూహలము అను రాగములో కట్టిన కీర్తన వింటే బ్యాండు మేళము గుర్తురాకమానదు. ముత్తయ్య భాగవతులవారి ఇంగ్లీషు నోటు అయితే పేరులోనే చెప్పుచున్నది. మన గుడులలో పాడే ఇంగ్లీషు పాటల సామాన్యమైన స్వరవరుస మన శంకరాభరణమే గనుక ఈ రాకపోకలు కష్టమైనవి కావు.

ఈ కలయిక అంతా ఒక మనిషిలో కనబడినది, ఆయన 1940లో గద్దెనెక్కిన జయచామరాజ ఒడెయరువారు. ఇరవైయొక్క యేండ్ల యువకుడు. ఆయన మొదటి ప్రేమ పియానో. లండనులోని గిల్డ్‌హాల్ సంగీత పాఠశాల, ట్రినిటీ సంగీత కళాశాల ఆయనను గౌరవించినవి. రష్యానుండి వచ్చి లండనులో అనామకముగా బ్రతుకుచున్న నికొలాయ్ మెట్నర్ అను స్వరకర్త రచనలను రికార్డు చేయించుటకు ఈ మైసూరు రాజు సొమ్ము పెట్టారు. మెట్నరుగారు తన మూడవ పియానో కచేరీ రచనను ఆయనకు అంకితమిచ్చారు. అటువంటి రాజు, కొలువులోని వృద్ధ విద్వాంసుల సహవాసముచేత కర్ణాటక సంగీతమువైపు తిరిగి, వాసుదేవాచార్యులవారి దగ్గర శిష్యరికము చేశారు. గురువుగారికి అప్పటికి ఎనభై యేండ్ల దరిదాపు. రాజుగారు తరువాత 94 కీర్తనలు రచించారు. అవి సంస్కృతములోనివి, శ్రీవిద్య అను ముద్రతో. యాభై యేండ్లకు మించిన వయసు తేడా ఉన్న గురుశిష్యులు. ఒకరు ఏలేవారు, ఒకరు కొలిచేవారు. పాఠము దగ్గర మాత్రము పైపీట ఎవరిదో వేరుగా చెప్పనక్కరలేదు.

మైసూరు బయట కూడ ఆచార్యులవారికి పేరు వచ్చినది. 1935లో మదరాసు సంగీత విద్వత్సభ వార్షిక సమావేశమునకు ఆయనను అధ్యక్షులుగా కూర్చుండబెట్టారు. డెబ్బది యేండ్ల వయసు. ఆ తరువాత కాలము మారిపోయెను. 1940 తరువాత తమిళ దేశములో తమిళ పాటలే పాడవలెనను ఉద్యమము లేచినది. 1943లో తమిళ ఇసై సంఘము మదరాసులో ఏర్పడినది. తమిళులు తమ భాషలో పాట కోరుకొనుటలో తప్పేమున్నది? కాని తెలుగు కీర్తన ఆ సీమలో ఎవరి అనుమతి అడుగకుండ వందల యేండ్లు బ్రతికినది, ఇప్పుడు మొదటిసారిగా దానిని నిలబెట్టి నీవెవరవని అడిగినట్లయినది. 1947లో స్వాతంత్ర్యము, తరువాత సంస్థానముల విలీనము. రాజుల కొలువు మీద బ్రతికిన విద్వాంసులకు ఆధారము పోయినది. ఎనభై దాటిన మనిషి ఇక విశ్రాంతి తీసుకొంటారనే ఎవరైనా అనుకొంటారు.

అప్పుడు అడయారునుండి పిలుపు వచ్చినది. రుక్మిణీదేవి అరండేలుగారు 1936లో స్థాపించిన కళాక్షేత్రములో సంగీతము చెప్పుటకు, వాల్మీకి రామాయణమును నృత్యనాటకములుగా చేయుటలో సంగీతము కూర్చుటకు ఆయనను రమ్మన్నారు. ఆచార్యులవారు వెళ్లారు. పుట్టిన ఊరు విడిచి, వేరొక భాష మాటలాడే పట్టణమునకు, ఎనభై అయిదు దాటిన తరువాత వలస. మన పాఠకులలో వలస వచ్చినవారు చాలమంది ఇరవైలోనో ముప్పైలోనో వచ్చినవారు. పెట్టె దించిన మొదటి వారము ఎట్లుండునో వారికి తెలియును. ఆ వయసులో ఆ పని ఎట్లుండునో ఊహించుకొనవచ్చును.

ఆ ఏండ్లలో మదరాసు ఎట్లున్నదో పెద్దవారికి గుర్తుండును. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు ఆ నగరములోనే నిరాహారదీక్షలో ప్రాణము విడిచారు. మదరాసు ఎవరిదని తెలుగువారు, తమిళులు తగవులాడిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది, బళ్లారి మైసూరులో చేరినది. 1956 నవంబరు 1న భాషలనుబట్టి రాష్ట్రములు గీయబడినవి. పావగడ మైసూరులోనే ఉండిపోయినది, 1973లో ఆ రాష్ట్రము పేరు కర్ణాటకము అయినది. మా తెలుగు మాట మాత్రము గీతకు ఆవలనే మిగిలిపోయినది. ఇన్ని గీతలు గీయబడుచున్న కాలములో, తమిళ నగరములో కూర్చుండి, కన్నడ మాతృభాష గల వృద్ధుడు తెలుగు కీర్తనలు నేర్పుతూ సంస్కృత శ్లోకములకు రాగములు కట్టుచుండిరి. దీనిని ఏ రాష్ట్రపు లెక్కలో వేయాలో మాకు తోచదు.

కళాక్షేత్రములో మొదటి నాటకము సీతాస్వయంవరము 1955లో ప్రదర్శించబడినది. అప్పటికి సంగీతకర్తకు తొంభై యేండ్లు. తరువాత శ్రీరామవనగమనము, పాదుకాపట్టాభిషేకము, శబరీమోక్షములకు కూడ సంగీతము కూర్చారు. ఇందులో కష్టము ఎక్కడున్నదంటే, వాల్మీకి శ్లోకము పాటగా వ్రాయబడినది కాదు. పల్లవి లేదు, తిరిగి వచ్చే పంక్తి లేదు. నాట్యకత్తె అడుగుకు తగినట్లు దానిని నడిపించవలెను, శ్లోకార్థము చెడకూడదు, రాగము సన్నివేశమునకు సరిపోవలెను. చిన్ననాడు సంస్కృత పాఠశాలలో చదివిన కావ్యములు, నాటకములు డెబ్బది యేండ్ల తరువాత ఇక్కడ పనికివచ్చినవి. 1959లో భారత ప్రభుత్వము పద్మభూషణ్ ఇచ్చినది.

నా కండ కలావిదరు అను కన్నడ గ్రంథము ఈ వార్ధక్యములో వచ్చినదే. నేను చూచిన కళాకారులు అని దాని అర్థము. పేరును బట్టియే ఆయన స్వభావము తెలియుచున్నది. తనకు అంత చరిత్ర ఉండి, ఇతరుల చరిత్ర చెప్పారు. గురువు సుబ్రహ్మణ్య అయ్యరువారు, శేషణ్ణగారు, కృష్ణప్పగారు, ఇంకెందరో ఆ పుటలలో మాటలాడుదురు, నవ్వుదురు, పంతము పట్టుదురు. గ్రామఫోను రాకముందు పాడి పోయినవారి సంగతులు మనకు ఈ మాత్రమైనా తెలియుట ఈ పుస్తకము వలననే. తెలుగు చదివేవారికి ఇది తెలియవలసిన గ్రంథము. కన్నడము వచ్చిన మా తాలూకా పిల్లలు దీనిని అసలు భాషలోనే చదువగలరు, ఈ విషయములో గుంటూరు వారికంటె వారిదే అదృష్టము.

మన సంఘములలోని పిల్లలు ఈనాడు తెలుగు పాటలను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొని పాడుచున్నారని కొందరు పెద్దలు బాధపడుదురు. బాధ న్యాయమే. అయితే కన్నడ అక్షరములలో వ్రాసికొని తెలుగు కీర్తన పాడినవారు మైసూరులో, తమిళ అక్షరములలో వ్రాసికొని పాడినవారు తంజావూరులో తరములుగా ఉన్నారు. వారు లిపి నేర్వలేదు గాని పాటను విడువలేదు. అర్థము చెప్పి నేర్పిన గురువు ఉన్నచోట మాట చెడలేదు. అర్థము తెలియక బట్టీపట్టినచోట మాట ముక్కలైపోయినది. ఏ సంగీతసభకు వెళ్లినా ఈ రెండు రకములవారూ కనబడుదురు.

వాసుదేవాచార్యులవారు 1961 మే 17న మదరాసులో కన్నుమూశారు. తొంభై ఆరు నిండుటకు పదకొండు దినములే తక్కువ. రామాయణ నాటకములు ఆరు కావలసియుండగా నాలుగింటికి ఆయన సంగీతము పూర్తిచేశారు. చూడామణిప్రదానము, మహాపట్టాభిషేకము మిగిలిపోయినవి. ఆయన దగ్గరనే కూర్చుండి నేర్చుకొన్న మనుమడు రాజారాంగారు ఆ రెండింటికి సంగీతము కూర్చారు.